బిళ్ళ మీది రాణి, మూటల తెల్ల చీర

నేను హైద్రాబాద్ పోయొచ్చిన. నాకు సంతకం తప్ప రాసుడు రాదు. నేను చెప్తుంటె మా మహిళా సంఘం లెక్కలు రాసే పద్మ రాస్తున్నది. మా వాడల నకిరేకల్ సంత దాటి ఎన్నడు పోని ఆడోళ్ళు శానమంది ఉన్నరు. వచ్చిన కాడికెల్లి ఏం జూసినవ్, ఏం తిన్నవ్ అని అడుగుతనే ఉన్నరు. చెప్పి చెప్పి గొంతు పోయింది. మొదలే నాది రేకు మీద రాయి గీకినట్టుండే గొంతు. అందుకే ఒక్కసారి రాపిస్తున్న. చదువొచ్చినోళ్ళు రానోళ్ళకు ఇనిపియ్యున్రి.

పోయింది చార్మినార్ చూసెటందుకు గాదు. నా బిడ్డ సుజాతను తోలుకొచ్చెటందుకు. అల్లుడు పట్నంల ఆటో నడిపేటోడు. మొన్నటి ఎండకాలం సీట్ల కూసున్నోడు కూసున్నట్టె గుండె ఆగి పోయిండు. పిల్లలు లేరు. మన దిక్కు పద్ధతి మీకెరుకే. పెద్దకర్మ నాడు తల్లిగారు తెల్ల చీర పెట్టాలె, బిడ్డను ఇంటికి తోలుకపోయి నిద్ర చేపియ్యాలె. పేరుకు మూడు నిద్రలే. గని చిన్న వయసుల మొగన్ని పోగొట్టుకున్నామె ఆ నిద్రకు వచ్చిందంటె ఆడనే ఉండిపోతది. నేను గట్లనే ఉండిపోయిన. అప్పుడు సుజాత చంకల ఉన్నది. మా అవ్వ సచ్చేదాక అవ్వ పక్కకే పండుకున్న.

సుజాత మాత్రం పెద్దకర్మ నాడు పొద్దుగూకకముందే బస్సెక్కింది. చైతన్యపురిల ఆడపిల్లల హాస్టల్ల వంట చేస్తది. పొయ్యి ఆగుతది అవ్వా అన్నది, పోయింది. నేను కొన్న తెల్ల చీర మడత ఇప్పకుంటనే ఉండిపోయింది.

అప్పటికెల్లి మా వదినె నన్ను నిలవనియ్యలె. మా అన్న పెండ్లాం, గోడవతల ఇల్లే. పొద్దుగాల నేను వాకిట్ల ఎదురైతె మొఖం తిప్పుకొని లోపలికి పోయి, గుక్కెడు నీళ్ళు తాగి మల్ల బయటికొచ్చే మనిషి. "చీర పెట్టి తోలుకరా. మొగడు లేని పిల్ల పట్నంల ఒక్కతే ఉంటె ఇంటి పేరు ఏం గావాలె" అన్నది. నాకూ గదే భయం. బయలెల్లిన.

మూటల తెల్ల చీర పెట్టుకున్న, జొన్నరొట్టెలు పెట్టుకున్న, మా లచ్చిమి బిళ్ళ పెట్టుకున్న. ఇది జర చెప్పాలె. మా దేవుని గూట్ల ఒక ఎండి బిళ్ళ ఉంటది, మా అవ్వోళ్ళ అవ్వ నాటి కల్దారు రూపాయి. దాని మీద ఒక ఆడామె మొఖం, నెత్తిన కిరీటం, మెడల నగలు. లచ్చిమి అంటం. మా ఇంట్ల పెండ్లయిన ప్రతి ఆడపిల్ల దానికి బొట్టు పెట్టి, ముత్తైదువగ ఉంచు తల్లీ అని మొక్కుతది. నా బొట్టు పోయినంక నేను దాన్ని ముట్టుకోలె. సుక్రారం సుక్రారం వదినెనే వచ్చి కుంకుమ పెట్టి పోతది. ఇంటికి తాళం పడుతున్నదని గుడ్డతోని పట్టి, చెయ్యి తగలకుంట మూటల ఏసుకున్న.

బత్తాయి బండి

సమ్మె నడుస్తున్నది. తెలంగాణ ఇచ్చేదాక బస్సు కదలదన్నరు. ఒక్క బస్సు లేదు. మా ఊరి సైదులు బత్తాయిల డీసీఎం కొత్తపేట పండ్ల మార్కెట్‌కు పోతున్నదంటె అడిగిన. ముందట సీటు ఖాళీ ఉన్నది. తల గోక్కుంట నిలబడ్డడు.

"చిన్నమ్మా, సరుకు అమ్మకానికి పోతున్నది. ఏమనుకోకు, ఎన్క కూసో."

అనుకునేదేమున్నది. బత్తాయిల మీద గోనెసంచి పరుచుకొని కూసున్న. ఆకాశం కింద, పండ్ల వాసనల, రాణి లెక్క పోయిన అని ఇప్పుడు నవ్వొస్తది. అప్పుడు మాత్రం గుంత గుంతకు బత్తాయి ఒకటి నడుముల గుచ్చుకునేది.

చిట్యాల కాడ చాయ్ ఆరు రూపాయలు. మా ఊళ్ళె మూడు. పైగ గ్లాసుల సగమే పోసిండు. మిగతా సగమేది బిడ్డా అంటె నురుగు చూపిచ్చిండు.

చౌటుప్పల్ టెంటు

చౌటుప్పల్‌ల రోడ్డు మీద టెంటు ఏసిన్రు. బండ్లన్ని ఆపి, జై తెలంగాణ అనిపిచ్చి, మొఖాలకు గులాల్ పూసి ఇడుస్తున్నరు. ఒకామె బండి చక్రం మీద కాలు పెట్టి ఎక్కి నా రెండు చెంపలకు, నొసటికి గులాబి రంగు పూసింది. ఇరవై ఏండ్లు దాటింది నా నొసట రంగు పడక. వద్దు బిడ్డా, నేను గట్లాంటిదాన్ని గాదు అన్న. ఆమెకు నా మాట అర్థం గాలె. "తెలంగాణదానివి గాదా పెద్దమ్మా?" అన్నది. అవునన్న. "మరింకేంది" అని దిగిపోయింది.

హయత్‌నగర్ దాక కొంగుతోని రుద్దుకుంటనే ఉన్న. తుడిచినకొద్ది ఎక్కువైంది.

విక్టోరియా స్టాపు

ఎల్బీనగర్ చౌరస్తల బండి ఆగింది. రోడ్డు మీద మనుషులే. డప్పులు, పాటలు. ఇగ పొద్దుందాక కదలదు చిన్నమ్మా, నడిచిపో, సీదా రోడ్డే అన్నడు సైదులు. షేరాటో ఆయన పది రూపాయల జాగకు ముప్పై అడిగిండు. "విక్టోరియా, కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్" అని ఒర్లుతున్నడు. ముప్పై ఇయ్యలేక నడిచిన.

నడుస్తుంటె ఎడతెగని కాంపౌండ్ గోడ వచ్చింది. లోపల చెట్లు, పాత బంగళా. ఇంత రద్దీల ఇంత జాగ ఖాళీగ ఎట్లున్నదని బీరిపోయిన. గేటు పక్కన ఒకామె మక్కకంకులు కాలుస్తున్నది. ఆమె కాడ కూలబడ్డ. ఇది ఏ దొరది అన్న. దొరది గాదు, తల్లిదండ్రి లేని పిల్లల హోం, విక్టోరియా రాణి పేరు మీద నిజాం సర్కారు పెట్టింది అన్నది. ఎవలామె అంటె, ఇంగ్లీషోళ్ళ రాణి అన్నది.

"ఈడికి వచ్చిందా మరి?"

"నాకేమెరుక పెద్దమ్మా. నీ కంకి సల్లారుతున్నది, తిను."

కంకి పది రూపాయలు. మా చేన్ల కోతులు తినిపోతయి ఊకెనె. ఆ గోడ మీద అంత మనసు పెట్టలె నేను. లేచి నడిచిన.

చైతన్యపురి

చైతన్యపురిల గోడలకు సున్నం కనబడది, అన్ని కోచింగుల కాయితాలే. సందు సందుకు ఆడపిల్లల హాస్టల్. నా బిడ్డ పనిచేసే హాస్టల్ మూడంతస్తులు. కింద వంటిల్లు. సుజాతను చూసి గడప కాడనే ఆగిపోయిన. నైటీ ఏసుకున్నది, పైన చున్నీ. నొసట నల్లటి బొట్టుబిళ్ళ, ఆవగింజంత. చింతపండు తెచ్చినాయనతోని గట్టిగ బేరమాడుతున్నది.

అవ్వా అని ఉరికొచ్చి, నా మొఖం చూసి నవ్వింది. గులాల్ ఇంక పోలేదు. "నువ్వు గూడ ఉద్యమంల దిగినవా?" అన్నది. ఏడ్వాలని పోయిన మనిషికి ఆ నవ్వు ముందట ఏడుపు రాలె.

ఆమెకు వంటింటి పక్కన ఒక అర్ర ఇచ్చిన్రు. ఒక మంచం, ఒక ఫ్యాను, లోపలికెల్లి గొళ్ళెం. నా బిడ్డ ఒక్కతే గొళ్ళెం పెట్టుకొని పండుకుంటది. మా ఇంట్ల పండుకునే జాగకు గొళ్ళెమే లేదు.

ఆ హాస్టల్ ఒక టీచరమ్మది. గుంటూరు దిక్కు మనిషి, మొగుడు బ్యాంకుల చేసి రిటైరైండు. ఆమె ముప్పై ఏండ్లు బడిల చరిత్ర పాఠాలు చెప్పిందట. "రండమ్మా, కూర్చోండి. మీ ఉద్యమం పుణ్యమా అని నాలుగు రోజుల్నుంచి పాలే రావట్లేదు" అన్నది. "రేపు రాష్ట్రం వస్తే మమ్మల్ని కూడా వెళ్ళిపొమ్మంటారేమో." సుజాత పొయ్యి కాడికెల్లే అందుకున్నది, "మీరు పోతె మా పప్పుల ఉప్పు తక్కువైందని తిట్టేదెవలు టీచరమ్మా" అని. ఇద్దరు నవ్విన్రు. ఓనరుతోని గిట్ల మాట్లాడొచ్చా అని నేను పరేషాన్.

వచ్చిన పని టీచరమ్మకు చెప్పిన. బిడ్డను తోలుకపోతున్న, ఇంకో మనిషిని చూసుకోన్రి అన్న. ఆమె సుజాత దిక్కు చూసింది. సుజాత కూరగాయలు కోస్తున్నది, తల ఎత్తలె.

గూట్ల ఉండేది ఎవరో

మూటల రొట్టెలు తీస్తుంటె బిళ్ళ జారి బండల మీద పడ్డది. కండ్లకద్దుకోవాలె, గని నేను ముట్టొద్దు. సుజాతా, లచ్చిమి పడ్డది, తియ్యి అనబోయి ఆగిన. ఇప్పుడు ఆమె గూడ ముట్టొద్దు. ఇద్దరం చూస్తుంటె టీచరమ్మ ఒంగి తీసింది. గోరుతోని కుంకుమ పెచ్చు గీకింది.

"ఇది లక్ష్మీదేవి కాదమ్మా. విక్టోరియా రాణి. ఇదిగో, చుట్టూ పేరు రాసుంది."

పొద్దుగాల నేను ఏ గోడ పక్కన కంకి తిన్ననో ఆ గోడ రాణి. మా గూట్ల ఏంది ఈమె? నేను నమ్మలె. పైనున్న హాస్టల్ పిల్లను పిలిచి చదివిపిచ్చిన. ఆ పిల్ల గూడ గదే పేరు చదివింది. పోనీ రాణి అంటె లచ్చిమి అసుంటిదే, ముత్తైదువే గదా అన్న. టీచరమ్మ బిళ్ళను కొంగుతోని తుడిచింది.

"ఆవిడ భర్త నలభై రెండేళ్ళకే పోయాడమ్మా. ఇలా కిరీటంతో ఉన్న రూపాయలు ఆయన పోయాకే వచ్చాయి."

గోడకు ఒరిగిన. మా అవ్వ, అవ్వోళ్ళ అవ్వ, వదినె, ఎంతమందిమి మొక్కినం. ఇంట్ల నేను ఎదురైతె నీళ్ళు తాగి పోయే వదినె, సుక్రారం సుక్రారం మొగడు లేనామెకు కుంకుమ పెట్టి మొగన్ని కాపాడుమని అడిగింది.

ఇగ ఆమె కథ మొత్తం చెప్పుమన్న. టీచరమ్మ చెప్పింది. నేను ఇన్నది ఇన్నట్టు చెప్త, తప్పులుంటె నావి.

ఆ రాణికి తండ్రి చిన్నప్పుడే పోయిండు. తల్లి ఆమెను అర్రల పెట్టి పెంచింది. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోకుంట మెట్లు దిగనియ్యకపోయేది. పద్దెనిమిదేండ్లొచ్చినా తల్లి అర్రలనే పండుకునేది. ఒకనాడు తెల్లారంగ లేపి, మీ పెద్దనాయిన రాజు పోయిండు, ఇగ నువ్వే రాణివి అన్నరు. పండుకున్న బట్టల మీదనే ఇన్నదట. రాణి అయినంక మొదలు ఏం అడిగింది అనుకుంటున్నరు? నగలు గాదు. నన్నొక గంటసేపు ఒంటరిగ ఉండనియ్యున్రి అన్నదట. తర్వాత, నా మంచం మా అవ్వ అర్రలకెల్లి తీసి వేరే అర్రల ఎయ్యున్రి అన్నదట.

"మరి వాళ్ళ అవ్వ ఏమన్నది?" అని అడిగిన.

"కోపం వచ్చింది. ఎవరికి రాదు?" అన్నది టీచరమ్మ.

కూరగాయల కత్తి చప్పుడు ఆగింది. నేను సుజాత దిక్కు చూడలె.

మొగన్ని ఆమెనే అడిగిందట, నన్ను చేసుకుంటవా అని. రాణిని మగోడు అడగొద్దంట, వాళ్ళ పద్ధతి. తొమ్మిదిమంది పిల్లలు. తుపాకి పెట్టి కాల్చబోయినోళ్ళు ఒకసారి గాదు, చానాసార్లు. ఒక్కటి తగల్లె. మొగడు జ్వరమొచ్చి పోయిండు. ఇగ ఆమె నల్లబట్ట కట్టింది, సచ్చేదాక నలభై ఏండ్లు ఇప్పలె. రోజు సాయంత్రం ఆయన బట్టలు తీసి పెట్టిచ్చేదట, మొఖం కడుగ ఏడి నీళ్ళు పెట్టిచ్చేదట. ఇది ఇన్నప్పుడు నాకు ఏడుపాగలె. నా మొగని చెంబు నేను చానా ఏండ్లు బోర్లించలె.

ఆమె జనానికి మొఖం చూపియ్యకుంట ఏండ్లు గడిపింది. రాణి ఎందుకు మాకు అని జనం గునిసిన్రు. ఆఖరుకు బయటికొచ్చింది. నల్లబట్టనే, నెత్తిన చిన్న కిరీటం. ఆమె ఎదురొస్తె మొఖం తిప్పుకోలె, ఒంగి దండం పెట్టిన్రు. మన దేశానికి గూడ చక్రవర్తినే. మన దేశం మొఖం ఎన్నడు చూడలె గని, ఆగ్రాకెల్లి ఒక మున్షీని పిలిపిచ్చుకొని హిందుస్తానీ అక్షరాలు దిద్దిందట. అప్పటికి ముసలామె. నాకు ఇంక సంతకమే వంకర.

హాస్టల్ పిల్ల మధ్యల అడ్డమొచ్చింది. "మంచిగ చెప్తున్నరు మేడం. ఆమె పేరు మీద ఢిల్లీల దర్బారు పెట్టిననాడు మన దిక్కు కరువుల జనం సచ్చిన్రు. గది గూడ చెప్పాలె" అన్నది. నిజమే, చెప్పాలి అన్నది టీచరమ్మ. నాకు బిళ్ళ మీద కోపమొచ్చింది, మల్ల జాలేసింది. ఏం జెయ్యాల్నో తెల్వలె.

ఆఖరు ముచ్చట ఇది. సచ్చినంక నాకు నల్లబట్ట వద్దు, తెల్లది కట్టి, పెండ్లినాటి మేలిముసుగు కప్పున్రి అని చెప్పి పోయిందట. మనం బతికుండంగ కట్టిచ్చే తెల్లబట్ట, ఆమె సచ్చినంక కట్టుకున్నది. నా మూటల చీర యాదికొచ్చింది.

అయినా మనసు ఒప్పలె. ఆమె రాణి, కోట ఉన్నది, కావలి ఉన్నది. నా బిడ్డకు ఏమున్నది, గొళ్ళెం ఒక్కటి. రేపు మాపటికి బయలెల్లుదాం బిడ్డా అని సుజాతకు చెప్పిన. కత్తి చప్పుడు మల్ల మొదలైంది.

రోడ్డు మీద పొయ్యి

తెల్లారి కొత్తపేట రోడ్డు మీద వంటా వార్పు. అంటె సమ్మెల ఉన్నోళ్ళంత నడిరోడ్డు మీద వండుకొని ఆడనే తినుడు. రోడ్డు సర్కారుది, పొయ్యి మాది అన్నట్టు. సుజాత పొద్దుగాలనే పోయింది. హాస్టల్ బియ్యం గూడ పోయినయి. టీచరమ్మ, "మాకు రాష్ట్రం విడిపోవడం ఇష్టం లేదు" అనుకుంటనే నాలుగు సేర్ల చింతపండు గుజ్జు తీసిచ్చింది. పులిహోర మీకు చేతకాదు, పులుపు చాలదు అన్నది. మేమిద్దరం మెల్లగ తర్వాత పోయినం.

రోడ్డు మీద రాళ్ళ పొయ్యిలు, గుండిగలు. డాంబర్ మీద కట్టెల పొగ. చాపలు పరిచి, పైన తెల్లబట్ట ఏసి, ఉడికిన అన్నం కుప్పబోసి ఆరబెడుతున్నరు. సుజాత ముంజేతుల దాక నూనె రాసుకొని, అన్నం మీద పసుపు చల్లి కలుపుతున్నది. మొగడు పోయి ఆరు నెల్లు గాలె, చేతుల నిండ పసుపు. అది చూసుడే ఎక్కువైంది నాకు. అప్పుడు అన్నం కింది బట్ట కనబడ్డది. సన్న నీలి అంచు. నకిరేకల్ల బట్టల దుకాణంల నేనే ఏరి కొన్న అంచు.

అన్నం ఆరబోసిన బట్ట, నలుగురు తినే బట్ట, అది ఇగ పెట్టుడు చీర గాదు. ఉతికినా గాదు. మడత ఇప్పని చీరనే పెట్టాలె.

పోయి పక్కన నిలబడ్డ. "అది దేనికి తెచ్చిన్నో నీకెరుకేనా?"

"ఎరుకే అవ్వా. తెల్లబట్ట సరిపోక వీళ్ళు పరేషాన్ అయితున్నరు. నాకు నీ మూట యాదికొచ్చింది."

"ఎరుక ఉండే పరిచినవా?"

చేతులు ఆగినయి. మొఖం మీది చెమట భుజంతోని తుడుచుకున్నది. "పండుగకొస్త అవ్వా. నీకు సుస్తయితె ఉరికొస్త. నువ్వొచ్చి ఎన్నాళ్ళన్న నా కాడ ఉండు. నిద్రకు మాత్రం రాను. ఆడ పండుకుంటె మల్ల లేవనేమో అని భయమైతది."

నేను లేవలేదని ఆమెకెట్ల తెల్సు? ఒక్క గొంగడి మీద పండుకున్నం గదా, మా అవ్వ, నేను, ఇది. చిన్నప్పటికెల్లి చూస్తనే ఉన్నది.

గంతల ఆ రోడ్డు మీది వంటకు పెద్దగ నిలబడ్డ కాలనీ ఆమె వచ్చింది. నా నెరిసిన నెత్తి చూసి, పెద్దమ్మా, పెద్దమనిషివి, మొదటి పట్టు నువ్వు తీసి వడ్డియ్యి అన్నది. వెనక్కి జరిగిన. నాకు మొగడు లేడు బిడ్డా అన్న.

"నేనడిగింది అన్నం పెద్దమ్మా, మొగన్ని గాదు."

చుట్టున్న ఆడోళ్ళు ఫక్కుమన్నరు. టీచరమ్మ గూడ నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నది. సుజాత మాత్రం నవ్వలె. నా చేతి దిక్కే చూస్తున్నది. కుప్పల చెయ్యి పెట్టిన. ఇంక ఏడిగనే ఉన్నది. మణికట్టు దాక పసుపైంది. మొదటి పట్టు తీసి నా బిడ్డ ఆకుల ఏసిన.

పులుపు సరిపోయిందా అని టీచరమ్మ అడిగింది. జర ఎక్కువైందన్న. మీకు అలవాటు లేదులెండి అన్నది.

మల్ల ఊరు

ఇంకో దినముండి సైదులు బండికే తిరిగొచ్చిన. ఒక్కదాన్నే. సుజాత అన్నం ఆరబోసిన ఆ చీరను ఉతికి, మడత పెట్టి మూటల ఏసింది. బండి కదిలేదాక చెయ్యి పట్టుకున్నది.

నేను ఈసారి అడగకుంట ముందటి తలుపు తీసి సీట్ల కూసున్న. సైదులు నన్ను చూసిండు, ఖాళీ బండి చూసిండు. "సరుకు లేదు గాబట్టి సరే చిన్నమ్మా" అన్నడు. ఉన్నప్పుడు గూడ కూసుంట బిడ్డా అన్న. చిట్యాలల చాయ్ ఆయనే తాపిచ్చిండు, మల్ల సగమే.

బిళ్ళను గూట్ల పెట్టిన, ఉట్టి చేత్తోని. సుక్రారం వదినె కుంకుమ భరిణె పట్టుకొచ్చింది. ఆ మొఖం ఎవలదో, ఆమె కథేందో చెప్పిన. బిళ్ళ దిక్కు పోయిన ఏలు గాలిలనే ఆగింది. ఇన్నేండ్ల మొక్కులు లెక్క జూసుకుంటున్నట్టు కండ్లు అటిటు తిప్పింది. అబద్ధం అన్నది. పద్మను పిలిచి చదివిపియ్యి అన్న. పిలువలె. భరిణె గూట్లనే ఇడిసి గడప దాక పోయింది.

ఇడిసినంక ఏం జెయ్యాలె, ఆ మొఖానికి బొట్టు నేనే పెట్టిన. ఏం మొక్కాల్నో తోచలె, ఊకె పెట్టిన.

వదినె గడప కాడ ఆగి నన్ను కిందికెల్లి మీదికి చూసింది. నీలి అంచు చీర కట్టుకున్న. నాలుగుసార్లు ఉతికిన, ఎండల ఏసిన, పసుపు పోలె.

"తెల్ల చీర పెట్టొస్తనని పోయినవ్. గీ పసుపు చీర నీకెవలు పెట్టిన్రే?" అన్నది.

నా బిడ్డ పెట్టింది అన్న.